అక్క చేతికి గిటారు మెడ

కిటికీలోంచి ఏటవాలుగా పడ్డ ఎండ, గదిలో తేలే చెక్కపొడినంతా బంగారం చేసేసింది. చెల్లెలు ఎలక్ట్రిక్ గిటారు మెడని బల్లకి బిగించి, దాని వీపు మీద ఆకురాయి నడుపుతోంది. కాసేపు రాకడం, కళ్లు మూసుకుని ఎడమ అరచేత్తో నిమరడం. చెయ్యి ఆ కొస నుంచి ఈ కొసకి వాగులో ఆకులా జారిపోయేది. దాంతోపాటు తనూ ఎటో కొట్టుకుపోయేది.

గిటార్లు చేసేది చెల్లెలు, వాయించేది అక్క. తలుపు సందులో నలిగిన ఎడమ చెయ్యి మానింది గానీ వేళ్లు మునుపటిలా విచ్చుకోవు. ఏ గిటారు పట్టినా చిటికెన వేలు లావు తీగ దాకా పోనని మొరాయిస్తోంది. "ఇదీ కుదరకపోతే ఇక గిటారు ముట్టనే" అని తేల్చి చెప్పింది.

మధ్యాహ్నం అక్క వచ్చి మెడ పట్టుకుని చూసింది. మొహం చిన్నబోయింది.

"ఏమే, ఇది నా చేతికా, నీ చేతికా?"

చెల్లెలు తన అరచెయ్యి చూసుకుంది. పొద్దుట్నుంచీ నిమిరి సరిచూసింది ఎవరి చెయ్యి? తన చేటంత చెయ్యే! పెళ్లికూతురి రవికె కుట్టమంటే తన ఒంటి కొలత పెట్టి కుట్టినట్టయింది.

"తగ్గించొచ్చుగా?"

"తగ్గిస్తా. కానీ మెడ వంగకుండా లోపల ఇనప చువ్వ ఉంది. అది బయటపడిందంటే ఈ మెడ పొయ్యిలోకే."

"అయితే మీ ఆయన గడ్డం గీసుకున్నట్టు ఆదరాబాదరా గీకేవు!"

చెల్లెలు అక్క అరచేతికి నీలం సుద్దపొడి పులిమింది. "పట్టుకో. నీకిష్టమైన పాటేదో తలుచుకో."

అక్క వేళ్లు ఒత్తిన చోటల్లా చెక్క మీద నీలం అంటింది. చెల్లెలు అక్కడే గీకింది. మళ్లీ పులమడం, మళ్లీ పట్టడం. బొటనవేలి కింద చిన్న పల్లం పడింది, ఓ పక్క బక్కచిక్కింది. పొద్దు వాలుతుంటే నీలం మరకలు మబ్బుల్లా కదిలినట్టనిపించింది.

"వంకర సొరకాయలా తయారైందే!"

"నీ చెయ్యేమన్నా తిన్నగా ఉందా?"

చెల్లెలు వేలితో తట్టి చెవి ఆనించింది. చప్పుడు పలచబడింది, చువ్వ దగ్గరికొచ్చినట్టుంది. "ఇంకొక్క గీకుడు. ఆపైన నా వల్ల కాదక్కా."

ఊపిరి బిగబట్టి గీకింది. చువ్వ బయటపడలేదు.

అక్క కళ్లు మూసుకుని పట్టుకుంది. చిటికెన వేలు మెల్లగా పాకి, లావు తీగ రావాల్సిన చోట ఆగింది. తీగలింకా వెయ్యనేలేదు. అయినా వేళ్లు కదలసాగాయి, చడీచప్పుడూ లేకుండా.

చాలాసేపు చూసి చెల్లెలు చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు, ఉప్పుకాగితంతో రుద్దాలి."

"ఉండవే, పాట మధ్యలో ఉన్నా."