నా బల్ల మీది రెండు బిళ్ళలు

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో నాకు పని ఇప్పించింది మా వదినే. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కాలరు తిప్పడం దాకా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆరేళ్ళకు నేను సూపర్‌వైజర్నయ్యాను. వదిన మాత్రం నా వరసలోనే మూడో మిషను దగ్గర ఉండిపోయింది.

పని ఎందుకు వెనకబడుతోందని ఒకరోజు మేనేజరు నిలదీశాడు. "బాత్రూముకని లేచినవాళ్ళు ఓ పట్టాన తిరిగి రారు సార్. వరసకి రెండు టోకెన్లు పెట్టండి. టోకెను చేతిలో ఉంటేనే లేవాలి," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మర్నాటి నుంచి నలభై మంది ఆడవాళ్ళకు రెండు ప్లాస్టిక్ బిళ్ళలు. అవి నా బల్ల మీదే ఉండేవి. నెలాఖరుకి మా వరసే అన్నిటికంటే ముందుంది. మీటింగులో నాకు చప్పట్లు కొట్టించారు.

ఆడవాళ్ళతో మాత్రం, "పైవాళ్ళ ఆర్డరు, నన్నేం చేయమంటారు?" అనేదాన్ని.

వాళ్ళు గొడవ పడలేదు. నీళ్ళు తాగడం మానేశారు. తెచ్చుకున్న సీసాలు తెచ్చుకున్నట్టే ఇంటికి వెళ్ళేవి. చూశాను. చూడనట్టే ఉన్నాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వదిన మిషను మీదే వాలిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ పరీక్షల కాగితం చూసి, "మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకింది. ఈ నెల్లో మీ ఫ్యాక్టరీ నుంచి మీరు ఐదో మనిషమ్మా. అక్కడ తాగడానికి నీళ్ళివ్వరా?" అంది.

వదిన నా వైపు చూడలేదు. "ఇస్తారండీ. నాకే చిన్నప్పట్నుంచీ నీళ్ళు తాగే అలవాటు లేదు."

ఇంట్లో చెంబెత్తితే దించకుండా తాగే మనిషి! నాకు తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ వెళ్ళాక మంచం పక్కన నిలబడి, "వదినా, ఆ టోకెన్లు పైవాళ్ళు పెట్టినవి కాదు. నేనే చెప్పాను," అన్నాను.

"తెలుసులే."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచీ. మీ సూపర్‌వైజరు బుర్రే బుర్ర అని మేనేజరే అందరికీ చెప్పాడుగా. నువ్వు పైవాళ్ళూ పైవాళ్ళూ అంటుంటే వాళ్ళంతా లోపల్లోపల నవ్వుకునేవాళ్ళే. నాకే ఎటు చూడాలో తెలిసేది కాదు."

డాక్టరమ్మ గది ముందు చాలాసేపు తచ్చాడి, చివరికి లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. "ఇదంతా రాసి సంతకం పెడతారా?" అని మాత్రం అడిగింది. పెట్టాను.

పై నెలలో తనిఖీవాళ్ళు వచ్చారు. టోకెన్లు పోయాయి, వాటితో పాటే నా సూపర్‌వైజరు పనీ పోయింది. వదిన కోలుకుంది గానీ రోజంతా కూర్చుని కుట్టే ఓపిక మళ్ళీ రాలేదు. ఖాళీ అయిన ఆ మూడో మిషనే నాకిచ్చారు.

పక్క మిషనామె నన్ను ఒక్క మాటా అనలేదు. ఎవరూ అనలేదు. ఇప్పుడు ఎవరు ఎప్పుడు లేచినా అడిగేవాళ్ళు లేరు. అయినా నేను లేవాల్సి వచ్చినప్పుడు, అంతమంది ముందు నుంచి నడిచి వెళ్ళడానికి నాకు అడుగు పడదు.