మనోడు లేస్తడు

అతుల్ శవపేటిక కామాటిపురాకు వచ్చి నాలుగు రోజులైనా కోచ్ బుచ్చన్నకు ఒళ్ళు మండుతూనే ఉంది. సరిహద్దులో యుద్ధం మొదలైన మూడోనాడే పోయాడు వాడు. కాలేజీ కబడ్డీ టీములో అతుల్‌నీ హితేష్‌నీ తయారుచేసిందీ, వెంటపడి సైన్యంలోకి పంపిందీ ఆయనే. హితేష్ ఇంకా అక్కడే ఉన్నాడు.

కబడ్డీలో అవతలివాడు ఒకడు ఔటైతే, ఔటైపోయిన మనవాడు ఒకడు తిరిగి ఆటలోకి వస్తాడు. అందుకే టీములో ఎవడు పడినా మిగిలినవాళ్ళ మీద బుచ్చన్న ఒకటే అరుపు అరిచేవాడు: "మొకాలేం జూస్తరు? ఒక్కణ్ణి కొట్టుండ్రి, మనోడు లేస్తడు!"

అతుల్ అంత్యక్రియలైన సాయంత్రం హితేష్ ఫోన్ చేసి వెక్కివెక్కి ఏడిస్తే ఆయన ఓదార్చలేదు. పళ్ళు నూరుతూ ఆ మాటే అన్నాడు. అన్నాక ప్రాణానికి కాస్త హాయిగా కూడా అనిపించింది.

ఈరోజు ఇరుకు గదుల చాల్ వరండాలో అతుల్ తల్లి రత్నాబాయి దగ్గర కూర్చుని ఉండగా మళ్ళీ హితేష్ ఫోన్ వచ్చింది. ఆమె కూడా వినాలని బుచ్చన్న స్పీకర్ పెట్టాడు.

"చెప్పురా, కొట్టినవా?"

"కొట్టిన సర్. ముగ్గుర్ని."

"శభాష్ రా బిడ్డా!" బుచ్చన్న వరండా అదిరేలా తొడ కొట్టాడు.



"మరి అతుల్ లేచిండా సర్?"

రత్నాబాయి తలెత్తి బుచ్చన్న వైపు చూసింది. ఆమెకూ ఆ జవాబే కావాలి. ఆయన చెయ్యి ఇంకా తొడ మీదే ఉంది.