ఒక నంబరు, అరవై ఇళ్లు

ఎల్బీనగర్‌లో రెండు కాలనీలకు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లం నేనూ, రాఘవేంద్రా. వైర్ల సంగతి అతనిది, గిరాకీ సంగతి నాది. అతనిది భీమవరం, నాది దేవరకొండ దగ్గర పల్లె.

2011 వేసవిలో ఒకరోజు అన్నాడు: "సీతారాములు గారూ, పాత రకం ఐపీ అడ్రస్‌లు, అదే మన నెట్ నంబర్లు, అయిపోయాయండి. కొత్త రకానికి మారిపోదాం. ఇంటికో నంబరు వస్తుంది."

"ఇప్పుడు నెట్ ఆగిందా?"

"ఆగలేదండి. ఒక్క నంబరు మీద అరవై ఇళ్లు నడుపుతున్నాం. ఎవరు ఎప్పుడు ఏం పంపారో మన పెట్టెలో నిలవదు."

"నిలవకుంటే మనకేంది? నడిచే బండికి కొత్త చక్రాలెందుకు? వచ్చే ఏడు సూద్దాం."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తుండగా ఒక ఎస్సై కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చాడు. బస్సులు తగలబెట్టమని ఎవరో నెట్‌లో రాశారట. రాసిన సమయం, మా నంబరు ఆ కాగితంలో ఉన్నాయి.

"ఎవరిది సేటూ ఈ నంబరు?"

"అరవై ఇండ్లది సార్."

"అరవై మంది పట్టే వ్యాన్ నా దగ్గర లేదు. ఒక్క పేరు చెప్పు. లేకుంటే నీ పేరే రాసుకుంట."

మనసులో ఇళ్లన్నీ తిరిగాను. సొంతింటి వాళ్లలో ఒకరి పేరు చెబితే వాళ్ల చుట్టాలూ కనెక్షన్ తీసేస్తారు. మిద్దె మీది గదిలో కిరాయికుండే మహిపాల్‌తో పోయేది ఒక్క కనెక్షనే. దిల్‌సుఖ్‌నగర్‌లో పోలీసు ఉద్యోగానికి కోచింగ్ తీసుకుంటున్నాడు. ర్యాలీలకూ పోతాడు. నమ్ముతారు.

మహిపాల్ పేరు చెప్పాను.

అతన్ని పట్టుకుపోయారు. పదిహేను రోజులకు బెయిలు వచ్చింది. కేసు పోలేదు. మరుసటి ఏడు కానిస్టేబుల్ పరీక్ష పాసయ్యాడు. కేసు ఉందని ఉద్యోగం ఇవ్వలేదు.

అప్పటికి మేం కొత్త రకానికి మారాం. ఆ రాత ఎవరిదో పాత పెట్టెలో వెతకమని రాఘవేంద్రను అడిగాను.

"నిలవదని అప్పుడే చెప్పాను కదండీ," అన్నాడు. ఆ నెలాఖరుకు తన వాటా తీసుకుని వేరుపడ్డాడు.

ఒక పొద్దున మహిపాల్ తల్లి సైదమ్మ ఊరి నుంచి వచ్చి దుకాణం మెట్టు మీదే నిలబడింది.

"అయ్యా, గా మాట రాసింది మావోడు కాదని కాగితం రాసియ్యి. వకీలు అడుగుతుండు. నీ మిషిన్ల సూస్తే ఎరికైతదట గద."

"ఎరిక కాదమ్మా. ఎవలింట్ల రాసిన్రో మిషిన్‌కు తెల్వది."



"తెల్వకుంటే ఆ దినం మావోని పేరెట్ల చెప్పినవయ్యా?"

కాగితం ముందేసుకున్నాను. తెలియదని రాస్తే అబద్ధం చెప్పినవాణ్ని నేనవుతాను. కేసు నా మీదికి తిరుగుతుంది. కలం మూత తీయలేదు.

సైదమ్మ కొంగు సర్దుకుని, నల్గొండ బస్సు కోసం రోడ్డు దాటింది.