కాగితం పొదుపుకు మూడు కాపీలు

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా నాకు జిరాక్సు, బైండింగు షాపు ఉంది. లోపల ఏ కొత్త రూలు పెట్టినా దాని లాభనష్టాలు ముందు నాకే తెలుస్తాయి. మా అక్క కూతురు అక్కడ సిబ్బంది విభాగానికి అధికారిగా చేరి ‘పచ్చ మార్కులు’ తెచ్చినప్పుడు మాత్రం నా లెక్క తప్పింది. కాగితం, కరెంటు ఆదా చేసిన వాళ్లకే ప్రమోషన్‌లో మార్కులంటే ఇక షాపు ఎత్తేయాలనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి రెండో మిషను కొన్నాను.

మార్కులు కావాలంటే రుజువులు జతచేయాలి. ఫ్యాను ఆపుతున్న ఫొటో, సైకిలు తొక్కుతున్న ఫొటో, అన్నీ రంగుల్లో, స్పైరల్ బైండింగుతో మూడేసి కాపీలు. ఒక లెక్చరరు గారు తాను నాటిన మొక్కను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించుకొచ్చారు.

“మొక్క ఒకటే కదండీ?”

“మార్కులు నాలుగయ్యా. నువ్వు ప్రింటు తియ్యి.”

పాలకమండలి సమావేశానికి ముందురోజు మా మేనకోడలు షాపుకు వచ్చింది. ఈ పద్ధతి పనిచేసిందని మండలి ఒప్పుకుంటేనే దాని ఉద్యోగం నిలుస్తుంది. మనిషి హుషారుగా ఉంది. యూనివర్సిటీ కొనే కాగితం సగానికి పడిపోయిందట. అంతలో క్యూ మీద దాని చూపు పడింది. అందరూ దాని సిబ్బందే.

“మావయ్యా, ఆ సగం నీ దగ్గరికొచ్చిందా?”

“సగమేంటే, ఇంకాస్త ఎక్కువే. నువ్వు నోరెత్తకు. నీ ఉద్యోగం ఉంటుంది, నా షాపూ ఉంటుంది. ఇద్దరికీ గిట్టుబాటే.”

స్టూలు లాక్కుని కూర్చుంది.

“తూకంలో మోసం చేసిన కొట్టుకి నువ్వు మళ్లీ వెళ్తావా?”

“వెళ్లను. వీధంతా చెప్తాను కూడా.”

“మరి ఆ మోసం నన్నెందుకు చెయ్యమంటున్నావు? రేపు ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో రా.”

మర్నాడు మండలి ముందు, మేనమామనని కూడా చూడకుండా నన్నే సాక్షిగా నిలబెట్టింది. కాగితం తగ్గలేదనీ, గేటు దాటిందనీ, రుజువులు అడగడం తన పొరపాటేననీ తానే చెప్పింది. ఇకపై మార్కులు మనిషికి కాదు, శాఖకు ఇస్తామంది. రుజువులు అక్కర్లేదు, శాఖ మీటరు చూస్తాం, శాఖ కొన్న సరుకు చూస్తాం, ఫైలు తెస్తే మార్కు కోస్తాం అంది.

మండలి పెద్దాయన నా వైపు తిరిగారు. “ఇందులో మీకేం లాభమండీ?”

“నిన్నటిదాకా ఉందండీ.”

నవ్వారు. నవ్వుతూనే దాని ఉద్యోగాన్ని ఇంకో ఏడాదికి కొనసాగిస్తూ సంతకం పెట్టారు.

బయటికొచ్చాక, “కోపమా మావయ్యా?” అంది.

“కోపం దేనికే. ఇంత పద్దు తెలిసినదానివి, నా కొట్లో కూర్చోకుండా ఇక్కడ చేరావనే నా ఏడుపు.”

రెండో మిషను ఆ వారమే అమ్మేశాను. కొత్త కుర్చీ కొంటే శాఖకు మార్కులు పోతాయి కాబట్టి, ఇప్పుడు విరిగిన కుర్చీలన్నీ బాగుచేయడానికి నా కొట్టుకే వస్తున్నాయి. ఒక వడ్రంగిని పెట్టుకున్నాను. బైండింగులో కంటే ఇందులోనే కాస్త ఎక్కువ మిగులుతోంది. ఆ సంగతి మేనకోడలు అడిగితే చెప్తాను.