నూనె జడ

నీళ్ళు తిరుగుతాయి.

చెక్క మరిగెలో నీళ్ళు తిరుగుతాయి... ఇసుక లేస్తుంది, అంచు దాటుతుంది, జారిపోతుంది. తేలికైనదంతా వెళ్ళిపోతుంది. బరువైనది అడుగున మిగులుతుంది — కాటుక గీసినట్టు, నల్లటి ఇసుక.

ఆ నలుపులో పచ్చగా ఏదైనా మెరిస్తే, ఊపిరి ఆపుకోవాలి.

ఇది నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి చూసి వచ్చింది. మా అమ్మ హనుమంతమ్మ తెల్లవారకముందే ఆదోని బజారుకు పోతుంది. బంగారు అంగళ్ళ ముందర ఊడుస్తుంది, కాలువలో మన్ను ఎత్తుతుంది, ఇంటికి తెచ్చి మరిగెలో, ఆ వెడల్పాటి చెక్క పళ్ళెంలో, కడుగుతుంది. నగలు చేసేటప్పుడు రాలిన రజను ఆ మన్నులో ఉంటుంది. కంటికి ఆననంత పొడి.

అదే మా బియ్యం. అదే నా బస్సు పాసు.

అమ్మ తలకు నూనె పెట్టదు.

పండగకైనా పెట్టదు. నూనె అంటిన వేలు నీళ్ళలో పడితే చాలు, సన్నటి బంగారం తన బరువు మరిచిపోతుంది. నూనెకు అంటుకుని పైకి తేలుతుంది. చూస్తుండగానే అంచు దాటిపోతుంది. అందుకే మన్ను కడిగే ఇళ్ళలో ఆడవాళ్ళ జుట్టు ఎర్రగా, పీచులా, గాలికి లేచి ఉంటుంది.

ఆ జుట్టును చూసే బజారులో మమ్మల్ని గుర్తుపడతారు.

అందుకే నేను నూనె పెట్టుకుంటాను. కాలేజీకి పోయే ప్రతి పొద్దూ. చెవుల వెనక కారేటంత.

పల్లె బడిలో పదో తరగతి దాకా షాహిస్తా, నేను ఒకే బెంచీ. ఇప్పుడు ఆదోని కాలేజీలోనూ ఒకే బెంచీ. నేను మాట్లాడను. నా మాటలు కూడా అదే మాట్లాడుతుంది. శ్వేత ముందు బెంచీ. శ్వేత వాళ్ళ నాన్నది బజారులో పెద్ద బంగారు అంగడి. ఆ అంగడి ముందర అమ్మను ఊడ్చుకోనిచ్చేది ఆయనే. ఆయన ఒక్కసారి వద్దంటే ఆ వీధిలో ఏ అంగడీ అమ్మ చీపురును రానివ్వదు.

శ్వేతకు ఆ సంగతి తెలియదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం శ్వేత వెనక్కి తిరిగింది. మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచింది.

"ఏం ఉరుకుందమ్మా, శనివారం మాధవరం పోతాండాం, మా తాత దగ్గరికి. ఏట్లోనే టెంటు. రీల్లో చూసినా, ఇసుక కడిగి బంగారు తీస్తాండారు. నువ్వూ రా. నీకు ఆ పని వస్తాదంట గదా?"

అంట.

ఆ చిన్న మాట ముల్లులా దిగింది. ఎవరు చెప్పారు? అమ్మ పని కాలేజీలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కతీ నా పక్కనే కూర్చుని, చున్నీకి పిన్ను సరిచేసుకుంటూ, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"పోదాం పా, నేనుంటా గదా," అంది షాహిస్తా. నా వైపు చూడకుండానే అంది.

పిలిచింది నన్నా? నా చేతులనా?

అయినా సరే అన్నాను. ఎవరూ ఎక్కడికీ పిలవని దాన్ని... పిలిస్తే ఎందుకని అడగడం నాకు చేతకాలేదు.

శనివారం పొద్దున అమ్మ బజారులో ఉంది. అటక మీది పాత మరిగెను దుప్పటిలో చుట్టాను. అమ్మకు ముందురోజు రాత్రి పిక్నిక్ అని మాత్రమే చెప్పాను. తర్వాత అద్దం ముందు నిలబడ్డాను. నూనె వద్దని నాకు తెలుసు. మా ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. కానీ శ్వేత ముందు అమ్మ జుట్టుతో నిలబడలేను.

చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలదా, అనుకున్నాను.

సీసా వంచాను.

తుంగభద్ర సన్నబడి ఉంది. బండల నడుమ పాయలు పాయలుగా, తొందర లేని నీళ్ళు. అవతలి గట్టు కర్ణాటక. ఫోన్లకు కన్నడలో స్వాగతాలు వచ్చాయి. ఇవతల ఇసుకలో శ్వేత వాళ్ళ సోమప్ప తాత కలింగర తోట — పచ్చటి తీగలు, వాటి మధ్య నున్నటి పుచ్చకాయలు, ఒక బోద గుడిసె, ఒక కుక్క.

టెంటు కడ్డీ ఒకటి శ్వేత ఇంట్లోనే మరిచి వచ్చింది. టెంటు ఒక పక్కకు కూలబడింది. సోమప్ప తాత తన చేతికర్ర పాతి నిలబెట్టాడు.

"దీంట్లో మా కుక్క గూడా పండుకోదు పాపా," అన్నాడు.

అందరికంటే ముందు కుక్కే దూరి పడుకుంది.

"ద్రోహి!" అన్నాడు తాత. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. కాయ కోసి పెట్టాడు, ఎర్రగా, చల్లగా. "వరద పోయినాక బండల సందున కొంచెం కొంచెం ఉంటాదంటారు. నేనైతే సూడలేదు. దొరికితే మాత్రం నాకు ముందరి పన్ను బంగారుతో కట్టించాల, ఆ!" అని, పన్ను లేని చోట నాలుక పెట్టి చూపించాడు.

ఆ సాయంత్రమంతా కడిగాను. మెరిసిందల్లా కాకిబంగారం. వేలితో నొక్కితే పొరలుగా విరిగిపోయే ఉత్త మెరుపు. శ్వేత ప్రతిదానికీ కేక వేసింది. ప్రతిదానికీ నేను తల అడ్డంగా ఊపాను.

పొద్దు గుంకుతుంటే వాళ్ళిద్దరూ నీళ్ళ అంచుకు నడిచారు. ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నేను దగ్గరికి వెళ్ళాను.

నవ్వు ఆగిపోయింది.

ఏరు ఆగలేదు. నవ్వు ఒక్కటే ఆగింది.

టెంటులో నేను చివరన పడుకున్నాను, తాత చేతికర్ర పక్కన. గుడ్డకు అవతల నీళ్ళ చప్పుడు. ఇవతల ఇద్దరి ఊపిరి. నిద్రపోతున్న ఊపిరేనా... నిద్రపోయినట్టు ఉన్న ఊపిరా?

ఆదివారం పొద్దున పెద్ద బండ వెనక్కి వెళ్ళాం. బండ సందులోని ఇసుకను గరిటెతో గీకాను. అమ్మ కాలువ మూలను ఎలా గీకుతుందో, అలా. మరిగెను నీళ్ళలో ముంచాను.

నీళ్ళు తిరిగాయి.

ఇసుక వెళ్ళిపోయింది. నల్లటి గీత మిగిలింది.

ఆ గీత చివర — పచ్చగా.

మరిగెను అటు వంచాను, ఇటు వంచాను. నీడలోకి తిప్పాను. కాకిబంగారం నీడలో ఆరిపోతుంది. ఇది ఆరిపోలేదు. జొన్నపిండి రవ్వంత. అంతే. కానీ ఎండలోనూ, నీడలోనూ ఒకే పసుపు.

"ఇది... అదే," అన్నాను.

ఆ రెండు మాటలకు శ్వేత నన్ను కావలించుకుంది. జీవితంలో నా మాటకు ఎవరూ అంత సంబరపడలేదు. నా చేతులకు సిగ్గు లేదు ఆ క్షణం. అవి అమ్మ చేతులు.

"కదలాకు! అట్లే పట్టుకో! ఫోన్ తాత గుడిసెలో చార్జింగ్ పెట్టినా. షాహీ, రావే, టెంట్లో చిన్న సీసా ఉండాది, తెద్దువు!"

ఇద్దరూ పరుగెత్తారు.

నేను, మరిగె, ఏరు.

గాలి వచ్చింది. భుజం మీది జడ జారింది. జడ కొస మరిగెలో నీళ్ళను తాకిందో, తాకలేదో. తడి చేత్తో దాన్ని వెనక్కి తోశాను. అదే చెయ్యి మళ్ళీ మరిగె అంచు మీద పెట్టాను. నీటి మీద ఒక సన్నటి రంగుల పొర విచ్చుకుంది... ఇంద్రధనుస్సు ముక్కలా, అందంగా.

వాళ్ళు వచ్చేసరికి నల్లటి గీత ఒక్కటే ఉంది.

"యాడ?" అంది శ్వేత.

"ఈడే ఉండె... ఇప్పుడే ఉండె."

"కాళ్ళొచ్చి పోయిందా?"

నవ్వుతోంది. నవ్వుతూనే ఫోన్ కిందికి దించింది. నవ్వుతూనే నా చేతులు చూసింది.

"గోళ్ళు చూపీ."

చూపించాను.

"నోరు?"

తెరిచాను. నవ్వుతూ అడిగితే కాదనడం ఎలాగో నాకు తెలియదు.

"మా నాయిన అంటాంటాడు, మన్ను కడిగేటోళ్ళ తల కడిగినా బంగారొస్తాదని," అంది శ్వేత.

అయితే మా అమ్మ ఎవరో తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

తోటలోంచి సోమప్ప తాత కేక. "ఏమ్మే, ఏమైంది ఆడ?"

"ఏం లేదు తాతా, ఆట!"

నూనె గురించి చెబుదామనుకున్నాను. నూనె, వేలు, తేలిపోవడం... చెప్పాలంటే అమ్మ జుట్టు గురించి చెప్పాలి. నా జుట్టు ఎందుకిలా ఉందో చెప్పాలి.  

శ్వేత చెయ్యి నా జడ వైపు వచ్చింది.

"ఉండు. నేను చూస్తా," అంది షాహిస్తా.

నా వెనక్కి వచ్చి నిలబడింది. రిబ్బన్ విప్పింది. పాయలు విడదీసింది. చిన్నప్పుడు బడిలో ఎన్నోసార్లు నాకు జడ వేసిన వేళ్ళు. నన్ను శ్వేత చేతిలో పడకుండా కాపాడుతోందా? తనే వెతకాలనుకుందా?

వేళ్ళు కిందికి వచ్చాయి. ఇంకా కిందికి.

జడ కొసకు దగ్గరగా... ఆగాయి.

ఒక్క క్షణం. ఆగాయి. నేను పొరబడలేదు.

"ఏం లేదు పా," అంది షాహిస్తా. "ఏట్లో పోయింటాది."

జడ మళ్ళీ అల్లింది. బిగించి అల్లింది. చాలా బిగించి.

బస్సులో శ్వేత కిటికీ పక్కన కూర్చుని, దారి పొడవునా ఫోన్‌లో కలింగర కాయల ఫోటోలు చూసుకుంది. ఎమ్మిగనూరులో బస్సు మారేటప్పుడు నా భుజం తట్టింది.

"మా నాయినకు చెప్పను లే."

చెప్పను లే.

అంటే చెప్పడానికి ఏదో ఉందన్నమాట. ఆ మాట ఆమె దగ్గర ఉంటుంది. ఏదో ఒక రోజు, ఏదో ఒక కోపంలో, అన్నం తింటూ తింటూ వాళ్ళ నాన్నతో అంటుంది. మర్నాడు తెల్లవారుజామున అమ్మ చీపురు పట్టుకుని ఆ అంగడి ముందర నిలబడి ఉంటుంది. లోపలి నుంచి ఎవరో వచ్చి, ఇంకపై ఈడ వద్దమ్మా, అంటారు. ఎందుకో చెప్పరు. అమ్మ అడగదు. మేం అడిగే మనుషులం కాదు.

షాహిస్తా నా పక్క సీటులో నిద్రపోయింది. ఒడిలో కుడి చెయ్యి మూసి ఉంది. నేను ఆ పిడికిలినే చూస్తూ కూర్చున్నాను. గుంతల్లో బస్సు ఎగిరింది. తల నా భుజం మీద వాలింది.

పిడికిలి విడలేదు.

మా ఊళ్ళో దిగాక, వీధి మలుపు దగ్గర నిలబడింది. ఏదో అనబోయింది. మింగింది.

"ఇంటికి పోయి తలకు పోసుకో," అంది. "ఇసుకుండాది."

ఇసుక.

అంతేనా?

అమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచింది. నా దుప్పటి మూట విప్పింది. మరిగె చెక్క ఇంకా తడిగా ఉంది. చేత్తో తడిమింది. వాసన చూసింది.  గోడకు ఆనించింది.

"రా పాపా, కూసో," అంది.

కుంకుడు పులుసు కళ్ళలో మండింది. కళ్ళు మూసుకున్నాను. నా జడ ముందరి స్టీలు బేసిన్‌లో పడి ఉంది. అమ్మ వేళ్ళు పాయలు విడదీశాయి. ఈ రోజు ఇది రెండోసారి... వేరే వేళ్ళు, అదే దారి.

"ఎంత నూనెమ్మే ఇది! జడలో ఇంత ఇసుకేంది, ఏట్లో గాని పొర్లినారా?"



నూనె వదిలింది. జుట్టు గరగరమంది. అమ్మ బేసిన్ ఎత్తింది. పారబోస్తుందనుకున్నాను. కానీ ఏ నీళ్ళనూ అమ్మ చేతులు ఊరికే పారబోయవు. వాటికి ఆ అలవాటు లేదు. బేసిన్ కొంచెం వంగింది. కొంచెం ఊగింది.

చప్పుడు మారింది.

కళ్ళు తెరిచాను.

నురగ వెళ్ళిపోయింది. ఇసుక వెళ్ళిపోయింది. స్టీలు మీద కాటుక గీసినట్టు ఒక సన్నటి నలుపు మిగిలింది. అమ్మ బేసిన్‌ను ఎండ తగలని పక్కకు తిప్పింది — నీడలోకి.

అది ఆరిపోలేదు.

అమ్మ దాన్ని చూడటం మానేసి నన్ను చూసింది. గోళ్ళు. నోరు. తడి జుట్టు. ఆ చూపు నాకు తెలుసు. పొద్దుననే ఏటి దగ్గర చూశాను.

"ఎవురిది?" అంది అమ్మ.

ఏమిటి, అని అడగలేదు.

ఏటిది, అనాలి. నాది, అనాలి. శ్వేతకు తీసుకుపోయి ఇస్తే — చూశారా, తల కడిగితే వచ్చింది, అంటుంది. దాచుకుంటే — ఆమె మాటే నిజం. షాహిస్తా వేళ్ళు ఎందుకు ఆగాయో షాహిస్తాకే తెలుసు. ఆ పిడికిలిలో ఏమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. అది నోరు మూసుకుంది నా కోసమా... నన్ను దొంగ అనుకునా?

"ఎవురిదే?" అంది అమ్మ మళ్ళీ. మెల్లగా. వీధికి వినపడకుండా.

నా జుట్టు కొస నుంచి ఒక చుక్క బేసిన్‌లో పడింది. నల్లటి గీత చెదిరింది. పచ్చటి రవ్వ కదిలింది.

అమ్మ చేతులు వాటంతట అవే ఊగుతున్నాయి.

నీళ్ళు తిరుగుతున్నాయి...