సున్నా పెట్టమన్న పేజీ

నేను ఒక పాత కంప్యూటర్‌ని. కాకినాడలో, రొయ్యల చెరువుల ఏరేటర్లకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో పనిచేశాను. నీళ్లను చిలికి రొయ్యలకు ఊపిరి అందించే చక్రాలే ఏరేటర్లు. అవి ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది మా సాఫ్ట్‌వేర్. మొదట్లో నా మీద ఉత్తరాలు టైపు చేసుకునేవారు. సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో చెప్పే మన మాన్యువల్ పరాయివాళ్ల సర్వర్లో ఎందుకని యజమాని భాస్కరరామం గారు ఓ రోజు నన్నే సర్వర్‌ని చేశారు. ఉబ్బితబ్బిబ్బయ్యాను.

మాన్యువల్ రాసేది విశాలాక్షి. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా కొత్తది రాసి, పాతదాన్ని చెరపకుండా నాలోనే పక్కన ఉంచేది. చాలా చెరువుల దగ్గర చక్రాలను నడిపే కంట్రోల్ పెట్టెలు ఇంకా పాతవేనని ఆమెకు తెలుసు. మూడో వెర్షన్ వచ్చాక భాస్కరరామం గారికి ఓ సరదా పుట్టింది. పెట్టె మూత మీద అంటించిన వెబ్ అడ్రస్ ఎవరు కొట్టినా, పెట్టె పాతదైనా సరే, కొత్త పేజీయే కనబడాలన్నారు. కొత్తదాన్ని నలుగురికీ చూపించుకోవాలని మనుషులకు మహా ఆత్రం. విశాలాక్షి కాస్త నసిగి, అలాగే మార్చింది. నేనూ కిమ్మనలేదు.

వీర్రాజు ఒక చెరువు మీద మెకానిక్. అతని పెట్టెలో ఉన్నది మొదటి వెర్షన్. ఓ సాయంత్రం ఫోనులో ఆ అడ్రస్ కొట్టి, చక్రాలు ఆగకుండా తిరగాలంటే ఏం చెయ్యాలో వెతికాడు. నేను మూడో వెర్షన్ పేజీ ఇచ్చాను. టైమర్‌లో సున్నా పెట్టమని ఉంది అందులో. పెట్టాడు. మొదటి వెర్షన్‌లో సున్నా అంటే, నడుస్తున్న గంట పూర్తయ్యాక ఆపెయ్యమని. తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలాయి.

అతను మా ఆఫీసుకొచ్చాడు. రైతు పనిలోంచి తీసేశాడని, ఇంకెవరూ చెరువు మీదకి రానివ్వడం లేదని చెప్పుకున్నాడు. భాస్కరరామం గారు మొదటి వెర్షన్ పేజీ తెరిచి చూపించారు. సున్నా పెట్టొద్దని స్పష్టంగా ఉంది. వీర్రాజు రెండుసార్లు చదివాడు.

"అయితే నేనే తప్పు చదివుంటానండి" అన్నాడు.

ఆ సాయంత్రం అతనికి ఏ పేజీ ఇచ్చానో నా లాగ్‌లో ఒక వరుస ఉంది. ఎవరూ అడగలేదు. అడగనిదే చెప్పలేని పుట్టుక నాది. ముప్పై రోజులు నిండిన లాగ్ చెరిపెయ్యాలని నాకో నియమం. అలాగే చెరిపేశాను. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

విశాలాక్షికి అనుమానం తట్టి లాగ్ తెరిచింది నేను చెరిపేసిన మర్నాడే. ఆ సాయంత్రపు వరుస లేదు. అయినా, తను మార్చిన అడ్రస్‌ను కొట్టి చూసుకోగానే ఆమెకు విషయం బోధపడింది. నా పక్కనే కూర్చుని వీర్రాజుకి ఫోన్ చేసి, తప్పు మాదేనండి, మీది కాదు అని చెప్పింది.

వీర్రాజు ఒక్కటే అడిగాడు.

"ఆ మాట ఓ కాయితం మీద రాసిత్తారా అమ్మా? మా రైతుకి చూపించుకుంటాను."

ఆమె భాస్కరరామం గారి గది వైపు చూసింది. కనుక్కుని చెబుతానంది. తర్వాత ఆ అడ్రస్ సరిదిద్ది, ప్రతి పేజీ పైనా వెర్షన్ నంబరు పెద్ద అక్షరాలతో పెట్టింది.

కొత్త సర్వర్ వచ్చాక నన్ను సామాన్ల గదిలో పెట్టారు. అన్ని వెర్షన్లూ కలిపి విశాలాక్షి రాసిన పేజీలు నాలో పద్నాలుగు వందలు. వీర్రాజు అడిగిన కాయితం వాటిలో లేదు.