సీటు కింది రెసిస్టరు

కారు ఎలక్ట్రీషియన్ల నోట ఒక పాడు మాట నానుతుంటుంది: "ప్రస్తుతానికి". ప్రస్తుతానికి నడుస్తుంది, ప్రస్తుతానికి తీసుకెళ్ళండి. ఆ మాట అన్నవాడు మర్నాటికి మరిచిపోతాడు, విన్నవాడు ఇంటికి చేరేలోపే మరిచిపోతాడు. మెళ్ళో ఎప్పుడూ కరెంటు కొలిచే మీటరు వేలాడేసుకుని తిరుగుతాడని అందరూ మీటరు అని పిలిచే మన ఎలక్ట్రీషియను, ఐదు నెలల కిందట సొంత చెల్లెలితో అదే మాట అన్నాడు.

ఎయిర్‌బ్యాగు లైటు ఆరడం లేదని ఆమె ఆ రోజు కారు తెచ్చింది. సీటు ముందుకుందా వెనక్కుందా అని ఎయిర్‌బ్యాగుకు కబురు చెప్పే సెన్సరు ఒకటి సీటు కింద ఉంటుంది. డ్రైవరు స్టీరింగుకు దగ్గరగా ఉంటే సంచి మెత్తగా విచ్చుకోవాలి, దూరంగా ఉంటే పూర్తి జోరుతో. ఆ సెన్సరు చచ్చిపోయింది. కొత్తది రావాలంటే మూడు వారాలు. ఆమెకేమో కుట్టిన బట్టలు సాయంత్రంలోగా అందించాలి.

"లైటు ఆర్పెయ్యి అన్నయ్యా, దాన్ని చూస్తూ నడపాలంటే భయంగా ఉంది" అంది.

మీటరు సెన్సరు తీసేసి, ఆ వైర్ల మధ్య బియ్యపు గింజంత రెసిస్టరు అతికించి నల్ల టేపు చుట్టాడు. సీటు ఎక్కడున్నా సరే, వెనక్కే ఉందని అది అబద్ధం చెబుతూ ఉంటుంది. లైటు ఆరింది. "ప్రస్తుతానికిది. పార్టు రాగానే పిలుస్తా" అన్నాడు. పార్టు వచ్చి సొరుగులో పడింది. పరాయివాళ్ళయితే ఫోన్లు చేసి ప్రాణం తోడేసేవాళ్ళు. ఇంటి మనిషే కదా, రేపు చూద్దాంలే అనుకున్నాడు. ఇంటి మనిషి అంటే అంత అలుసు మరి!

ఆమె పొట్టి మనిషి. పెడల్ అందాలంటే సీటు ముందుకు జరుపుకోక తప్పదు. పోయిన వారం ఆగి ఉన్న లారీని గుద్దింది. బండికి పెద్దగా ఏమీ కాలేదు. ఎయిర్‌బ్యాగు మాత్రం పూర్తి జోరుతో ఆమె మొహం మీద పేలింది. ఒక కన్ను పోయింది. రెండోదాని గురించి డాక్టరు నోరు విప్పడం లేదు.

బావ, అంటే ఆమె భర్త, మీటరును బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. అది దెబ్బతిన్న బళ్ళు పెట్టే షెడ్డు. నేలంతా గాజుపెంకులు.

"నాకొక్కటే తేలాలి బావా. తప్పు బండిదా, మీ చెల్లిదా? సీటు వెనక్కి జరుపుకోవే అని వందసార్లు మొత్తుకున్నా. వింటేగా! స్టీరింగు మింగేసేలా కూర్చుంటుంది."

సీటు కింద ఏముందో మీటరుకు తెలుసు. రాకముందే తెలుసు. వేరే బ్యాటరీ తగిలించి, సీటు కింద చెయ్యి పెట్టి మెళ్ళోని మీటరును వైర్లకు తగిలించాడు. స్విచ్చి నొక్కితే మోటారు మూలిగి సీటు వెనక్కి జరిగింది, మళ్ళీ ముందుకొచ్చింది. సెన్సరు ఉంటే అంకె మారాలి. మారలేదు. అంకె ఇద్దరి కళ్ళ ముందే బిగుసుకుని ఉంది. దాన్ని చదవడం బావకు రాదు.

"ఏమంటోంది?" అన్నాడు బావ.

"బాగానే ఉంది."

దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. బావ ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్ళగానే టేపు చీల్చి, ఆ గింజను తుంచి జేబులో వేసుకున్నాడు. రెండుసార్లు కటింగు ప్లేయరు జారింది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాడు. చెల్లెలి రెండు కళ్ళకూ కట్లు. మంచం పక్కన బావ మొహం గంటుపెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, వచ్చావా? నువ్వే చెప్పు ఆయనకి. నిన్నట్నించీ నాతో మాట్లాడటం లేదు. ఇంకెప్పుడూ అంత ముందుకు జరిగి కూర్చోనని చెప్పు. బుద్ధొచ్చిందని చెప్పు."

ఇంకెప్పుడూ అట! మీటరు గుండె చెరువైపోయింది. జేబులోంచి రెసిస్టరు తీసి బావ చేతిలో పెట్టాడు. లైటు ఆర్పిన సంగతి, పార్టు సొరుగులో పడేసిన సంగతి, నిన్న ఆడిన అబద్ధం, అన్నీ కక్కేశాడు.

బావ లేచి చొక్కా పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాడు మీటరు. కొట్టినా బాగుండేది. బావ చొక్కా వదిలేసి, భార్య మంచం వైపు ఒకసారి చూసి, ఏడుపు ఆపుకోలేక గదిలోంచి వెళ్ళిపోయాడు. తలుపు దభాలున పడింది.

ఆమె అన్నయ్య వైపు మొహం తిప్పింది.

"పార్టు సంగతి నువ్వు మరిచిపోయావు. నేనూ అడగలేదు. అది సరే. నిన్న బండి చూసి కూడా బాగానే ఉందన్నావా?"

"భయమేసిందే."

"నిన్న ఆయన వచ్చి తిట్టిపోసి మాట మానేశారు. రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను. చూపు పోగొట్టుకుంది నా పొగరువల్లే అనుకున్నాను. నువ్వు ఇంట్లో పడుకునే ఉన్నావు కదూ?"

ఆమె మంచినీళ్ళ కోసం బల్ల మీద తడుముకుంటుంటే మీటరు గ్లాసు తీసి అందించబోయాడు. వేళ్ళు తగలగానే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అక్కడే పెట్టండి. ఇక మీరు వెళ్ళండి" అంది.

భర్త తిరిగొచ్చాడేమో, ఆ 'మీరు' ఆయనతో అంటోందేమో అని మీటరు వెనక్కి తిరిగి చూశాడు. తలుపు మూసే ఉంది. గదిలో తనొక్కడే ఉన్నాడు.